కృష్ణుడి స్వెటరు

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. బిడ్డ భూమ్మీద పడి కేరుమనేదాకా ఆ బిడ్డ పేరుతో సూదిలో దారం ఎక్కకూడదు. ఆ కట్టడి పెట్టింది మా అత్త రెడ్డెమ్మ. పుంగనూరులో మా దాణా అంగడికైనా ఆదివారం సెలవుంటుంది గానీ మా అత్త మాటకు సెలవు లేదు.

ఆమె ఊరికే పెట్టలేదు. తొలి కాన్పుకు ముందు తన చేత్తో జుబ్బాలు కుట్టి, మురిపెంగా పెట్టెలో దాచుకుందట. ఎనిమిదో నెలలో బిడ్డ పోయింది, జుబ్బాలు మిగిలాయి. ఆ తర్వాత మా ఆయన జనార్దన్ పుట్టాడు, పెరిగాడు, ఇప్పుడాయనకు బట్టతల కూడా వచ్చింది. అయినా ఆ రోజు పక్కన పెట్టిన సూదిని మా అత్త మళ్లీ ముట్టుకోలేదు. రవిక గుండీ ఊడినా నాకే ఇస్తుంది. ఇదంతా తెలుసు కాబట్టి నాకు ఆ కట్టడి మీద కోపం వస్తుంది గానీ ఆమె మీద రాదు. వచ్చినా పూట కంటే ఎక్కువ నిలవదు.

నా బాధ నాకుంది. నేను మా వీధి మొత్తానికీ రవికలు కుడతాను. ఇంద్రాణి కుట్టిందంటే చంక దగ్గర పట్టేసిందన్న మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఊలు అల్లడం కూడా వచ్చు. అలాంటి నాకు సొంత కూతురు పుట్టినప్పుడు దాని ఒంటిమీద పడిన మొదటి చొక్కా చుట్టాలు తిరుపతి నుంచి తెచ్చిన రెడీమేడ్‌ది. పచ్చి బాలింతను నన్ను మిషను ముందు కూర్చోనిచ్చేదెవరు? ఆ గులాబీ రంగు చొక్కా నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. మెడ దగ్గర కుట్టు వంకర.

ఇప్పుడు ఆ కూతురు సుప్రియ కాన్పుకు ఇంటికొచ్చింది. కుప్పం నుంచి మా వియ్యపురాలు అంబిక ఫోను చేసింది. "బట్టల గురించి మీరు దిగులు పడొద్దు వదినా. ఆన్‌లైన్లో సెట్టు బుక్ చేసినా. టోపీ నుంచి సాక్సు దాకా అన్నీ ఉండాయి."

అంబిక మంచి మనిషి. మంచి మనిషి కాబట్టి పోట్లాడటానికి కూడా వీలు లేదు. ఫోను పెట్టేశాక నాకు పట్టుదల వచ్చేసింది. మనవడైనా మనవరాలైనా సరే, ఈసారి మొదటి చొక్కా నేను కుట్టిందే కావాలి. పుట్టాక కుడదామనుకుంటే పథ్యాలు, కాపడాలు, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, చేతికి తీరికెక్కడ? ఈలోపల ఆ సెట్టు దిగనే దిగుతుంది.

సుప్రియను స్కానింగుకు మదనపల్లె తీసుకెళ్లినప్పుడు, దాన్ని వరుసలో కూర్చోబెట్టి బజారుకు వెళ్లాను. మెత్తటి మల్లు గుడ్డ, వెన్న రంగు ఊలు కొన్నాను. "ఎన్ని నెలల బిడ్డకమ్మా?" అని అంగడాయన అడిగితే ఏం చెప్పాలో తెలియక "శానా సిన్న బిడ్డకులే" అన్నాను. సంచి అడుగున అవి పెట్టి, పైన టమోటాలు పోసుకుని ఇంటికి తెచ్చాను.

మధ్యాహ్నం మా అత్త కునుకు తీసే వేళలో కుట్టేదాన్ని. మొదట జుబ్బా. పక్కన ముడి వేసుకునే తాళ్లు పెట్టాను. పసిబిడ్డ ఒంటికి ఒరుసుకోకుండా కుట్లన్నీ పైకి పెట్టి, లోపలంతా నున్నగా ఉంచాను. తర్వాత ఒక కుల్లాయి అల్లి స్వెటరు మొదలుపెట్టాను. సుప్రియ పక్కన పడుకుని చూస్తూ, "అవ్వకు తెలిస్తే మిషను వీధిలో ఉంటాది మా" అనేది. నువ్వు నోరు మూసుకుంటే తెలియదులే అనేదాన్ని.

స్వెటరు రెండో చెయ్యి అల్లుతుండగా వెనకనుంచి మాట వినిపించింది.

"ఏందది?"

గుమ్మంలో మా అత్త. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మొదలుపెడుతుందని నాకు తెలుసు. అంతకంటే ముందే నా నోట్లోంచి అబద్ధం దానంతటది ఊడిపడింది.

"కిష్ణుడికి అత్తా. మన భజన మందిరంలో సామికి. ధనుర్మాసం వస్తాండాది గదా. తెల్లారుజామున సలి."

మా వీధి చివర భజన మందిరంలో మూరెడెత్తు నల్లరాతి బాలకృష్ణుడు ఉన్నాడు. ఆ సమయానికి ఆయన గుర్తు రావడం నా అదృష్టమనుకున్నాను. సుప్రియ గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకుంది. దుప్పటి కదులుతూ ఉంది.

అత్త వచ్చి చాప మీద కూర్చుంది. జుబ్బా చేతిలోకి తీసుకుని తిరగేసింది, మరగేసింది. కుట్టు వెంబడి బొటనవేలు నడిపింది.

"కుట్లు పైకి పెట్టినావే?"

"దేవుడికి అట్లే కుట్టాలంట అత్తా."

"అట్లనా" అని జుబ్బా మడిచి నా ఒళ్లో పెట్టి లేచిపోయింది.

ఆ రోజంతా నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. ఇంక దాపరికం లేదు, వసారాలోనే కూర్చుని అల్లాను. అత్త వచ్చేటప్పుడు పోయేటప్పుడు అడిగేది. "సామి స్వెటరు యాడికొచ్చింది?" ఒకసారి నిలబడి చూసి, "మెడ ఇంకొంచిం వదులుగా పెట్టమ్మా. తల పెద్దదిగా ఉంటాది" అంది. స్వామి కిరీటం సంగతి చెబుతోందనుకుని వదులు పెట్టాను.

ధనుర్మాసం మొదటి రోజు లేచి చూస్తే బట్టలు పెట్టిన చోట లేవు. అత్త మంచం ఖాళీ. ముఖమైనా కడుక్కోకుండా మందిరానికి పరిగెత్తాను.

భజన మంచి ఊపు మీద ఉంది. నల్లరాతి స్వామి నా జుబ్బా కట్టుకుని, నా స్వెటరు తొడుక్కుని, నా కుల్లాయి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చేతులు రాతికే అతుక్కుని ఉంటాయి కాబట్టి స్వెటరు చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. మా అత్త ముందు వరుసలో కళ్లు మూసుకుని తాళం వేస్తోంది. మందిరం పెద్ద నారాయణప్ప నన్ను చూసి, "రామ్మా రా. ఇంతమందిమి ఉండాము, సామికి సలేస్తాదని ఒక్కరికన్నా తోచిందా?" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆడవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు పట్టుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి హారతి కళ్లకద్దుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే సుప్రియ పొట్ట పట్టుకుని నవ్వింది. మధ్యాహ్నానికి ఆ ఫొటో కుప్పం చేరింది. "ఎంత ముద్దుగా ఉండాడు వదినా సామి" అని అంబిక ఫోను చేసింది. "మా వీధి గుళ్లో సామిక్కూడా ఒకటి అల్లండి, ఊలు నేను పంపిస్తా."

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే బాత్‌రూములో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. దేవుడికిచ్చింది వెనక్కి అడగలేను. ఇంకో జత కుడదామంటే ఇంకో దేవుణ్ని వెతకాలి. వినాయకుడికి తొండం అడ్డం, ఆంజనేయుడికి తోక అడ్డం. పైగా, మొదటిసారి చెప్పినంత సులువుగా రెండోసారి అబద్ధం నోటికి రాదు. ఊలు మిగిలిందంతా ఉండచుట్టి అటక మీదికి విసిరేశాను. రోజూ తెల్లారి భజనకు వెళ్లి, పుట్టబోయే బిడ్డ తొడుక్కోవాల్సిన స్వెటరును రాతి మీద చూసుకుని వచ్చేదాన్ని. మొక్కడం మానలేదు గానీ మనస్ఫూర్తిగా మాత్రం మొక్కలేదు.

కొన్నాళ్లకు స్వామి పట్టుపంచెలోకి మారాడు. ఆశ చావక నారాయణప్పను అడిగాను.

"ఆ పాత బట్టలు ఏం చేసినారప్పా?"

"అడిగినోళ్లకు ప్రసాదంగా ఇచ్చేసినామమ్మా. సామి కట్టి ఇడిసిన బట్ట అంటే ఎవురికి సేదు?"

ఎవరికిచ్చావని అడిగే ధైర్యం చాలలేదు. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఇంటికొచ్చి, పోనీలే, సెట్టు వేసుకున్నా బిడ్డ బిడ్డే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నానే గానీ ఆ రోజు వంటలో ఉప్పు వేయడం మరిచిపోయాను.

సుప్రియకు చెప్పిన తేదీ కంటే ముందే నొప్పులొచ్చాయి. పొద్దున్నే కారు మాట్లాడుకుని మదనపల్లె వెళ్లాం. మా అత్త ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని నా పక్కన కూర్చుంది, దారిపొడుగునా సంచి మీదినుంచి చెయ్యి తీయలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. బరువు కొంచెం తక్కువే గానీ గొంతు మాత్రం తక్కువేం కాదు. నర్సు బయటికి తెచ్చేసరికి అత్త తన పాత నూలు చీర ముక్క పట్టుకుని సిద్ధంగా ఉంది. అందులో చుట్టి నా చేతికిచ్చింది. ఆ ముఖం చూశాక నాకు సెట్టూ స్వెటరూ ఏదీ గుర్తుకు రాలేదు.

సాయంత్రానికి కుప్పం నుంచి అంబిక వచ్చింది. మనవరాలిని చూసి ఆమె ఏడ్చింది, ఆమెను చూసి నేనూ ఏడ్చాను. చలి మొదలైంది. నర్సు వచ్చి, "పాప సన్నగా ఉంది, గుడ్డ ఒక్కటీ చాలదు, చొక్కా టోపీ వెయ్యండి" అంది. అంబిక సంబరంగా అట్టపెట్టె తెరిచింది. బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లలో తళతళలాడుతున్నాయి. మెడల దగ్గర అట్టముక్కలు కూడా ఇంకా తీయలేదు. నేను కిటికీ వైపు తిరిగాను.

"ఆగమ్మా" అంది మా అత్త. "మొదటి బట్ట కొత్తది తగలకూడదు. ఇంకోరు కట్టి ఇడిసిందే ఎయ్యాల. మా తట్టు పాత ఆనవాయితీ. సుప్రియకప్పుడు జరగలా, ఈసారన్నా జరగాల."

"మా తట్టూ అంతే పెద్దమ్మా" అంది అంబిక, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని. "కానీ ఇప్పటికిప్పుడు పాతది యాడ దొరకతాది?"

అత్త గుడ్డసంచి ముడి విప్పింది. పేపరు పొట్లం తీసి మంచం మీద పెట్టి మడత విప్పింది. ముందు తులసి దళం జారిపడింది. తర్వాత నా జుబ్బా. నా స్వెటరు. నా కుల్లాయి.

వేన్నీళ్లలో ఉతికి ఎండబెట్టింది కాబోలు, మెత్తగా ఉన్నాయి. అయినా కర్పూరం వాసన పోలేదు. స్వెటరు మెడ దగ్గర చందనం మరక లేత పసుపుగా మిగిలి ఉంది. అంబిక వంగి చూసింది.

"ఇది ఆ ఫొటోలో స్వెటరే గదా. సామి తొడిగింది."

"ఆ సామిదే" అంది అత్త.

అంబిక తన సెట్టు పెట్టెలో పెట్టేసి, స్వెటరు రెండు కళ్లకూ అద్దుకుని నా చేతికిచ్చింది. "మీరే ఎయ్యండి వదినా. ఇంత పున్నెం ఆన్‌లైన్లో దొరకతాదా?"

నేనే వేశాను. రాతి మీద ఖాళీగా వేలాడిన స్వెటరు చేతుల్లోంచి రెండు చిన్న పిడికిళ్లు బయటికొచ్చాయి. మెడ సరిగ్గా తల పట్టేంత వదులుగా ఉంది. పాప ఒకసారి ముక్కు చిట్లించి, ఆవలించి, నిద్రపోయింది. ఆ క్షణాన నాకు ఎవరి మీదా ఏ కోపమూ లేదు, తిరుపతి చొక్కా మీద కూడా.

సుప్రియ కూడా నిద్రపోయాక, బయట బెంచీ మీద అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, నీకెప్పుడు తెలిసింది?"

"ఏంది?"

"అదే. సామికి కాదని."

"ఆ పొద్దే. జుబ్బా తిరగేసి సూసినప్పుడే" అంది అత్త. "కండ్లు మూసుకోని పాలు తాగే పిల్లి మాదిరి నువ్వేమో ఎవురూ సూడలేదనుకుంటివి. నల్లరాయికి కుట్టు గుచ్చుకుంటాదా అమ్మా? సేతులు కదలని సామికి సేతుల స్వెటరు యాల?"

"మరి అప్పుడే యాల తిట్టలేదు?"

లోపల ఎవరో పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. మా పాప కాదు.

"తిట్టాలనే వచ్చినా. ఆ కుట్టు మీద ఏలు పెట్టినాక నోరు రాలేదు. నిన్ను ఆపబుద్ధి కాలే. నా భయమూ పోలే. దేవుడికని అన్నావు గదా, దేవుడికే ఇచ్చినా. ఆయన కట్టుకోని ఇడిస్తే, నారాయణప్పను అడిగి తెచ్చుకున్యా. ఇంక అది పుట్టకముందు బిడ్డకు కుట్టింది కాదు. సామి ఇచ్చింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నేనూ అట్లే కుట్టినా ఇంద్రాణీ" అంది అత్త, ఎదురుగా గోడను చూస్తూ. "ఆ బిడ్డకు. కుట్లు పైకి పెట్టి."

మా ఆయన ఫ్లాస్కులో కాఫీ తెచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా బెంచీ మీద పెట్టి వెళ్లాడు. అత్త కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మూడో నెలకు ఆ స్వెటరు సాలదు. మిగిలిన ఊలు అటక మీద ఉండాది, నేను సూసినా. దించు" అంది. "జుబ్బాలు మాత్తరం నేను కుడతా. కండ్లు ఆనవు, దారం నువ్వెక్కిచ్చి ఇయ్యి."

"ఎక్కిచ్చి ఇస్తా అత్తా" అన్నాను.