ముందు ఎడమ టైరు

మెకానిక్కుకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధంతా ఎరుగును. ఈ నెల్లాళ్లుగా ఆ కోపమంతా అల్లుడి మీదే. కూతురి కారు పాతదే అయినా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే గట్టి బండి. ఆమె కాన్పులు చేసే నర్సు. వానలో కొండదారి ఎక్కాలంటే ఆ బండే దిక్కు. అలాంటిది ఇప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పితే చాలు, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బిగుసుకుపోయి కుదుపుతోంది. కొండ మలుపులో అలా బిగుసుకుంటే పక్కన లోయ.

"గేరు మార్చడం చేతకాక బండిని చంపేశావు. ఇక నుంచి ఈ కారు నువ్వు ముట్టుకోకు" అని కూతురి ఎదుటే అల్లుణ్ణి కడిగేశాడు. లెక్కల మాస్టారైన ఆ అల్లుడు తాళాలు బల్ల మీద పెట్టి మర్నాటి నుంచి బడికి బస్సెక్కాడు. ఎదురు మాట్లాడి ఉంటే కోపం కాస్తయినా తీరేది. ఆ మౌనం చూసేసరికి మెకానిక్కుకు ఒళ్లు మండిపోయింది.

రోగం పట్టడానికి నానా తంటాలూ పడ్డాడు. నూనె మార్చాడు, కుదుపు పోలేదు. వెనక చక్రాలకు బలం తీసుకెళ్లే పొడవాటి ఇరుసు ఊడదీసి నడిపితే బండి వెన్నలా తిరిగింది. అంటే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయి. ఆ తగవు తీర్చాల్సిన మధ్య డబ్బాని అల్లుడే పాడుచేశాడని తీర్మానించి, వెతికి వెతికి మరో డబ్బా తెచ్చి బిగించాడు. మళ్లీ అదే కుదుపు. స్పానరు విసిరికొడితే గోడ పెచ్చు ఊడింది.

ఎవరి బండి వచ్చినా అతను బానెట్ ఎత్తకముందే నాలుగు టైర్లకూ సుద్దగీత పెట్టి తోయించేవాడు. ఈ ఒక్క బండికి ఆ పని చేయలేదు. తప్పెవరిదో ముందే తెలిసిపోయిందనుకున్నాడు మరి.

ఆఖరికి ఏ దారీ తోచక, ఆదివారం పొద్దున బండి తోయడానికి అల్లుణ్ణి పిలిచాడు. సుద్దముక్క కనబడక చిందులు తొక్కుతుంటే, అల్లుడు జేబులోంచి తనది తీసి ఇచ్చాడు. నాలుగు టైర్లకూ నేలకు తగిలే చోట గీతలు పెట్టి, చక్రం పది చుట్లు తిరిగేదాకా తోశారు. మూడు గీతలు నేలను తాకాయి. ముందు ఎడమ టైరు గీత ఇంకా జానెడు వెనకే ఉంది. మిగతా మూడూ అరిగి చిన్నవైతే ఇదొక్కటే కొత్తది, పెద్దది. పెద్ద చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది; ముందు వెనకల తగవు అక్కడిదే.

ఆ టైరు వేసింది తనే. పాత టైరును రాయి కోసేసిందని కూతురు చెబితే, ముచ్చటపడి తన చేత్తో బిగించాడు. ఆ రోజు అల్లుడు కారు పుస్తకం తెచ్చి, నాలుగూ ఒకేలా అరిగి ఉండాలట అన్నాడు. పుస్తకం చదివి నాకు పాఠం చెబుతావా అని తానే నలుగురిలో తీసిపారేశాడు.

"తెలిసి కూడా ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదు?" అన్నాడు మెకానిక్కు, ఇంకా కోపంతోనే.

"ఒకసారి చెప్పాను కదండీ, మామయ్యా."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంతలో డ్యూటీ బట్టల్లోనే కూతురు వచ్చి ఏం తేలిందని అడిగింది. తప్పు డబ్బా మీదకు నెట్టేస్తే సరిపోయేది, అల్లుడు ఎలాగూ నోరెత్తడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తన మీద తనకే అసహ్యం వేసింది.

"టైరు వేసింది నేను. ఇతను వద్దన్నాడు. నేనే వినలేదు."

కూతురు సుద్దగీతల వంక చూసింది, నెల్లాళ్ల బస్సు ప్రయాణాలకు నలిగిన భర్త చొక్కా వంక చూసింది. తండ్రి జేబులోంచి తాళాలు తీసి భర్త చేతిలో పెట్టింది.

"నాన్నా, ఇక నుంచి ఈ కారు నువ్వు ముట్టుకోకు" అంది.