నకలు విన్న చెవి

నా కూతురు జెస్సికా ఇంటికొస్తోందంటే ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లగండ్లలో మా ఫ్లాటు ఐదో అంతస్తు. అది కింద గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాగుతుంటే నేను పైన కంచం పెట్టేసేదాన్ని. దానికి చిన్నప్పటి నుంచీ ముక్కు దిబ్బడ. సగం మాట ముక్కులోంచి, సగం నోట్లోంచి వచ్చేది. నవ్వితే ముందు ముక్కు నవ్వేది. రేపల్లె పక్కన బళ్లో రిటైరయ్యేదాకా పిల్లల గోల మధ్యే బతికినదాన్ని, అంత గోల గొంతు మాత్రం ఇంకెక్కడా వినలేదు.

సాయంకాల ప్రార్థనలో బైబిలు వాక్యం చదవడం దాని వంతు. బస్సు తప్పిపోతుందన్నట్టు గబగబా చదివేసేది. "కాస్త నిదానంగా చదవవే, దేవుడికి వినబడాలి" అంటే, "ఆయనకు ముందే తెలుసులే మమ్మీ" అనేది.

పోయినేడు వానల్లో దానికి డెంగ్యూ వచ్చింది. జ్వరమే కదా అనుకున్నాం. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, ఎక్కించారు, మళ్లీ పడిపోయాయన్నారు. ఆ తర్వాతి సంగతి చెప్పడం నావల్ల కాదు. సమాధుల తోట నుంచి ఇంటికి తిరిగొచ్చాక సాయంత్రం ప్రార్థనకు నేనూ, నా కొడుకు కిరణ్ పాల్ కూర్చున్నాం. వాక్యం ఎవరు చదవాలో ఇద్దరికీ తెలియలేదు. నేను పుస్తకం తెరిచి మళ్లీ మూసేశాను. వాడు పుస్తకం ముట్టుకోలేదు. ఆమేన్ అనుకుని లేచాం.

కిరణ్‌ది గచ్చిబౌలిలో ఉద్యోగం. వాళ్ల కంపెనీలో కంప్యూటర్లకు గొంతులు తయారు చేస్తారు. బ్యాంకుకు ఫోన్ చేస్తే 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అంటుందే ఒక అమ్మాయి, అలాంటివి. మనిషి గొంతు కొంత తీసుకుని, ఆ మనిషి ఎప్పుడూ అననివి కూడా అనిపించేస్తారు. తయారైన గొంతు ఎలా ఉందో చెప్పడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. వాళ్లకొక నియమం ఉందట. నకలు విన్న చెవికి వెంటనే అసలు వినిపించకూడదు. మధ్యలో చప్పుడు లేని గదిలో ఊరికే కూర్చోబెడతారట. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడు ఈ సంగతి చెబితే నేనూ జెస్సీ పడీ పడీ నవ్వాం. "ఊరికే కూర్చుంటే జీతమా? నన్ను కూడా చేర్పించరా అన్నయ్యా" అంది అది.

అది పోయాక వాడు ఆఫీసు నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఇంట్లో కూడా చెవులకు హెడ్‌ఫోన్లు. అడిగితే పని అనేవాడు. ఇల్లు చూడలేక అలా చేస్తున్నాడనుకుని నేనూ వదిలేశాను.

ఒక సాయంత్రం ప్రార్థన వేళకు చిన్న స్పీకరు తెచ్చి, జెస్సీ కూర్చునే కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టాడు. "అమ్మా, భయపడకు" అన్నాడు. అందులోంచి నా కూతురు వాక్యం చదివింది.

చర్చిలో ప్రతి ఆదివారం ప్రకటనలు చదివేది జెస్సీయే. స్త్రీల కూడిక ఎప్పుడు, ఎవరి పెళ్లి ఎక్కడ, స్కూటర్లు గేటుకు అడ్డంగా పెట్టకండి, ఇలాంటివి. ఆ ఆరాధనల వీడియోలన్నీ పోగేసి, దాని గొంతు ఏరి, ఈ గొంతు తయారు చేశాడట. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు తగ్గాక నాలోని పంతులమ్మ లేచింది. "నీ చెల్లెలు ఇంత బుద్ధిగా ఎప్పుడు చదివిందిరా? ఆ ముక్కేదీ? ఆ తొందరేదీ?" అన్నాను.

"మైకు రొద తీసేస్తే అవి కూడా పోయాయమ్మా. మళ్లీ పెట్టి చూశాను, సరిగ్గా రాలేదు."

"నీకు దాని గొంతులా ఉందా?"

"నాకిప్పుడు తెలియట్లేదమ్మా. నువ్వే చెప్పాలి."

వాడి కళ్ల కింద నల్లటి చారలు. ఎన్ని రోజులు తిండి మాని చేశాడో పాపం అనిపించింది. "అలాగే ఉంది నాన్నా" అన్నాను. వాడి భుజాలు అప్పుడు కిందికి దిగాయి.

మొదట్లో ఆ గొంతు వింటుంటే కొత్త చెప్పుల్లా ఎక్కడో ఒరుసుకునేది. కొత్త చెప్పులు ఎన్నాళ్లు కరుస్తాయి? రోజూ వినగా వినగా ఒరుసుకోవడం పోయింది. సాయంత్రమైతే చాలు, స్టూలు తుడిచి, దీపం వెలిగించినంత శ్రద్ధగా ఆ స్పీకరు పెట్టుకునేదాన్ని. తర్వాత్తర్వాత పొద్దున కూడా. కూర తరుగుతూ కూడా. వాక్యం అయ్యాక 'గుడ్ నైట్ మమ్మీ' అనేలా చెయ్యమంటే అదీ చేశాడు. నేను 'గుడ్ నైట్ రా బంగారం' అనేదాన్ని. నా మొహంలో కళ వచ్చిందని చర్చిలో అందరూ అన్నారు.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక మా హాల్లోనే పెట్టుకున్నాం. పాస్టరుగారు ప్రార్థన చేశాక, జెస్సీ స్నేహితురాలు జాస్మిన్ లేచి నిలబడింది. మియాపూర్ నుంచి వచ్చింది ఆ పిల్ల. ఇద్దరూ ఒకే ఆఫీసు, ఒకే డబ్బాలో తిండి. "నాకు జెస్సీ గురించి సాక్ష్యం చెప్పడం రాదు. ఇది మాత్రం ఇన్నాళ్లూ దాచుకున్నాను. అందరూ వినండి" అని ఫోన్ పైకెత్తింది. జెస్సీ ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజ్ అది.

"ఒసేయ్ జాస్మిన్, నేను రావట్లేదే. మమ్మీ గోంగూర పచ్చడి నూరింది. దాన్ని వదిలేసి నీ పిజ్జా తినడానికొస్తే నన్ను ఇంట్లో ఉండనివ్వరు. మమ్మీ! ఉల్లిపాయ కొయ్యి! ముక్కలు పెద్దవి!"

హాలంతా నవ్వింది, వెంటనే ఏడ్చింది. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు మాత్రం ఏమీ కాలేదు. మాటలన్నీ తెలుస్తున్నాయి. పచ్చడి నాదే, ఉల్లిపాయ నాదే. గొంతు మాత్రం మొద్దుగా, మూసుకుపోయినట్టు, ఎవరో పరాయి పిల్ల నా వంటింట్లో దూరి కేకలేస్తున్నట్టు ఉంది. నాకు కోపం కూడా వచ్చింది.

"ఎవరమ్మా ఈ అమ్మాయి?" అన్నాను.

జాస్మిన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "ఆంటీ... జెస్సీ కదా" అంది. ఇంకోసారి వినిపించమన్నాను. వినిపించింది. కాదు. నా చెవిలో ఉన్న జెస్సీ వేరు. ఎవరో నన్ను పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. పెద్దావిడ, దుఃఖంలో ఉందిలే అనుకుంటున్నారు వెనకాల. వంటింట్లో కిరణ్ మాకు వీపు పెట్టి సింకులో గ్లాసులు కడుగుతున్నాడు. ఆ గ్లాసులు అంతకుముందే కడిగినవి.

అందరూ వెళ్లాక వాడిని కూర్చోబెట్టి అడిగాను. "నాకు మతి పోతోందా?"

"లేదమ్మా. మైసూర్ పాక్ తిని టీ తాగితే చప్పగా ఉండదూ? టీలో తప్పేం లేదు. చెవి కూడా అంతే. ఇప్పుడిప్పుడే దేన్ని బాగా విందో దాన్ని బట్టే తర్వాతది వింటుంది. నువ్వు ఇన్ని నెలలూ నేను చేసినదాన్నే విన్నావు. అందుకే అసలుది తేడాగా ఉంది."

"మీ ఆఫీసు నియమం ఇంట్లో గుర్తు రాలేదురా?"

వాడు తల వంచుకున్నాడు. జెస్సీని నాకు తిరిగిద్దామనే కదా చేశాడు.

"తీసెయ్యి ఆ నకలును."

"తీసేస్తే మళ్లీ చెయ్యలేనమ్మా."

"చెయ్యొద్దు. నా కూతురి గొంతు నాకు కావాలి."

మర్నాడు సాయంత్రం చివరిసారి పెట్టించుకున్నాను. ఎప్పటిలాగే బుద్ధిగా చదివింది. 'గుడ్ నైట్ మమ్మీ' అంది. తెలుసు నాకు, అది మనిషి కాదని, దానికి నొప్పి లేదని. అయినా 'వెళ్లిరా అమ్మా' అన్నాను. ఒకే పిల్లను రెండుసార్లు సాగనంపిన తల్లిని ఎక్కడైనా చూశారా? నన్ను చూడండి.

ఆ తర్వాత చెవిని పస్తుపెట్టాను. టీవీ కట్టేశాను. ఫోన్‌లో గంట తీయించేశాను. మా లిఫ్టులో ఒక మరబొమ్మ గొంతు అంతస్తు నంబరు చెబుతుంది. అది కూడా వినకూడదని ఈ మోకాళ్లతో ఐదంతస్తులూ మెట్లెక్కాను. ఎదురుగా టవర్ కడుతున్నవాళ్ల డ్రిల్లింగ్ మాత్రం ఆపలేకపోయాను. ప్రార్థనకు కిరణూ నేనూ నోరు మెదపకుండా కూర్చునేవాళ్లం. కళ్లు మూసుకుని జెస్సీని పిలిస్తే మొదట్లో ఆ బుద్ధిమంతురాలే వచ్చేది. రానురాను ఆమె రావడం మానేసింది. ఎవరూ వచ్చేవారు కాదు. పోయింది, రెండూ పోయాయి అని ఏడ్చుకున్న మధ్యాహ్నాలు ఉన్నాయి.

ఇక ఆగలేక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక జాస్మిన్‌ను ఇంటికి పిలిచాను. ఆ పిల్ల బెరుకుగానే వచ్చి సోఫా అంచున కూర్చుంది. "వద్దులెండి ఆంటీ, మళ్లీ మీరు..." అంది. పెట్టమ్మా అన్నాను. కిరణ్ నా పక్కన కూర్చున్నాడు.

"ఒసేయ్ జాస్మిన్" అనగానే నా ఒళ్లు ఝల్లుమంది. ఆ ముక్కు! ఆ తొందర! 'మమ్మీ' అని అరిచే ముందు గాలి కోసం లాగిన ఆ చిన్న ఊపిరి! పిల్ల వంటింట్లోనే ఉంది. ఉల్లిపాయ కొయ్యడానికి నేను లేవబోయాను కూడా. లేవబోయి, కూలబడి, జాస్మిన్‌ను కావలించుకుని ఏడ్చాను. "ఇదే, ఇదే నా తల్లి" అన్నాను. ఇన్నాళ్లలో మొదటిసారి నా కూతురు పోయిందని నాకు నిజంగా అర్థమైంది.

కాసేపటికి కిరణ్ వైపు తిరిగాను. వాడు నవ్వుతున్నాడు. బంధువుల పిల్లల ఫోటో చూపిస్తే మర్యాదకు నవ్వుతాం చూడండి, ఆ నవ్వు.

"చెల్లే కదరా!" అన్నాను.

"అవునమ్మా. చెల్లే."

కొడుకు అబద్ధమాడితే నాకు తెలియదా? జాస్మిన్‌ను గేటు దాకా దిగబెట్టి వచ్చాక వాడి ఎదురుగా కూర్చున్నాను. "నిజం చెప్పు."

"నాకు ఎవరో అమ్మాయి మాట్లాడినట్టుందమ్మా" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"నీకు ఆ స్పీకరు ఇవ్వకముందు నుంచే. ఒక్కొక్క అక్షరం వేలసార్లు విన్నాను. మారుస్తూ వినడం, వింటూ మార్చడం. ఒకరోజు సరిచూద్దామని అసలు వీడియో పెడితే అదే నకలులా అనిపించింది. అందుకే నిన్ను అడిగాను, నువ్వే చెప్పాలని."

నేను 'అలాగే ఉంది' అన్నాను ఆరోజు. వాడి మనసు నొప్పించకూడదని.

"చెవికి విశ్రాంతి ఇవ్వు నాన్నా. నాకు వచ్చింది కదా."

"ఏదమ్మా విశ్రాంతి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పని అదే. సెలవు పెట్టి, చెప్పకుండా గోవా వెళ్లొచ్చాననుకున్నావు కదా, మొన్న? గోవా కాదు. వికారాబాద్ అడవిలో ఒక గది తీసుకుని ఊరికే కూర్చున్నాను. వచ్చాక ఆ అసలు వీడియో విన్నాను. రాలేదు." వాడు తల వంచి కళ్లు తుడుచుకున్నాడు. "నీకొచ్చింది. చాలమ్మా."

ఏం చెయ్యను? ముక్కు రెండు వేళ్లతో పట్టుకున్నాను. "మమ్మీ! ఉల్లిపాయ కొయ్యి! ముక్కలు పెద్దవి!" అని అరిచాను, దానిలాగే, చివర్న సాగదీసి.

కిరణ్ ఉలిక్కిపడి తలెత్తాడు. వాడి మొహం ఒక్క క్షణం విచ్చుకుంది. చిన్నప్పుడు చెల్లెలు తలుపు చాటునుంచి ఉలిక్కిపడేలా చేస్తే అలాగే చూసేవాడు.

"అమ్మా! అది... ఇంకోసారి అను."

నోరు తెరిచి మళ్లీ మూసేశాను. నేను ఇంకోసారి అంటే, ఆ తర్వాత మరోసారి అంటే, రేపటికి వాడి చెవిలో మిగిలేది నేనే. జెస్సీ గొంతు ఎక్కడో అడుగున ఉంటే, దాని మీద ఇంకో పొర వేసినదాన్నవుతాను.

"ఇంకొక్కసారి అమ్మా" అని వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను వాడి తల ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చున్నాను. వాడు అడుగుతూనే ఉన్నాడు.