మంచి కాలి బలం

మంచి కాలితోనే దొంగాట ఆడాలని బారువలో బస్సెక్కినప్పుడే నిశ్చయించుకున్నాడు నాయక్ ఢిల్లేశ్వరరావు.

సైన్యంలో మంచు కొండల మీద గస్తీ తిరుగుతూ జారిపడి అతని ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషనై ఏడు నెలలు. సిక్ లీవు మీద ఇంట్లో ఉంటూ పలాసలో ఫిజియోథెరపీ చేయించుకుంటున్నాడు. సోమవారం మెడికల్ బోర్డు. మంచి కాలి బలంలో నూటికి తొంభై వంతులైనా దెబ్బతిన్న కాలికి ఉంటే తప్ప మళ్లీ కొండెక్కనివ్వరు. పోయిన నెల లెక్క అరవై దగ్గరే ఆగింది.

ఇంట్లో అతనికి ఊపిరాడటం లేదు. జీడితోటకు పోదామంటే ఇసుకలో మోకాలు మెలిపడుతోంది. అరుగు మీద కూర్చుంటే పోయేవాడల్లా "ఎప్పుడెల్తావు బావా?" అంటాడు.

ఆ రోజు పలాసలో ఫిజియోథెరపిస్టు ఇవాంజెలిన్ అతణ్ణి బల్ల అంచున కూర్చోబెట్టి, బలం కొలిచే చిన్న మిషన్ను చీలమండకు పట్టీతో బిగించింది.

"గట్టిగా తన్నండి అన్నయ్యా."

ఎడమ కాలు ఇరవై ఎనిమిది కేజీలు చూపింది. కుడికాలి వంతు రాగానే అతను పళ్లు బిగించాడు, మెడ నరాలు ఉబ్బించాడు, కాలిని మాత్రం వదులుగా ఉంచాడు. ముప్పై. మళ్లీ తన్నితే ఇరవై నాలుగు. మూడోసారి ముప్పై ఐదు.

ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "నిజంగా తన్నితే మూడుసార్లూ ఇంచుమించు ఒక్కలాగే వత్తాది. పోయిన్నెల ఈ కాలే నలభై ఏడు తన్నింది. ఏటి సేత్తన్నారు?"

అతను తల వంచుకున్నాడు. "ఇక్కడుంటే పిచ్చెక్కిపోతాదమ్మా. నా వోళ్లంతా ఆ కొండ మీదున్నారు. బోర్డుకి తొంభై అని రాసీ."

"మంచులో మీ తాడుకి మీతోపాటు ఎవులు కట్టుకుంటారు?"

"దుర్గాప్రసాద్. సోంపేటోడే." తను జారిన రోజు ఆ తాడు వదలకుండా, అరచేతులు చీరుకుపోయినా ఆపినవాడు.

"ఆయనకి ఫోన్ సేసి నిజం సెప్పండి. రమ్మంటాడేమో అడగండి."

ఢిల్లేశ్వరరావు ఫోన్ తీశాడు. పేరు మీద వేలు ఆగిపోయింది. దుర్గాప్రసాద్ ఏమంటాడో తెలుసు. రమ్మనే అంటాడు. అదే భయం.

ఫోన్ జేబులో తోసేశాడు. "మళ్లీ కట్టమ్మా."

ఈసారి ఒళ్లంతా కూడదీసుకుని తన్నాడు. నలభై తొమ్మిది. మళ్లీ నలభై తొమ్మిదే. మంచి కాలు బలంగా తన్నేకొద్దీ కొండ అంత దూరం జరిగిపోతోందని తెలిసీ మూడోసారి కూడా తన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె నూటికి యాభై ఏడు అని రాసింది.

సోమవారం బోర్డు అతణ్ణి కొండకు పనికిరాడని తేల్చి, ఆరు నెలలు స్టోరు డ్యూటీ వేసింది. కిటికీ లేని ఆ గదిలో ఇతరుల మంచు బూట్లు సైజులవారీగా సర్దుతూ, తీరిక దొరికినప్పుడల్లా చీలమండకు రబ్బరు పట్టీ తగిలించుకుని ఎడమకాలు చాపుతున్నాడు.