కామాక్షయ్య కట్టిన వల

ఆ రోజు పెంచలకృష్ణ పడవ దిగీ దిగగానే వలను ఇసకలోకి విసిరికొట్టాడు. వాడు నా కొడుకు. ఆ కోపం నా దగ్గర్నుంచి వచ్చిందే గనక నేనూ తగ్గలేదు.

"ఏందిరా, వల మీదనా నీ ప్రతాపం?"

"నువ్వే చూడమా, నాయన ఏం చేసిపెట్టినాడో!"

చూశాను. వల తేలడానికి పై తాడుకి బెండ్లు కడతారు, మునగడానికి కింది తాడుకి సీసం గుండ్లు కడతారు. అప్పుడే అది నీళ్లలో గోడలా నిలబడుతుంది. మా ఆయన కామాక్షయ్య రెండు తాళ్లకూ బెండ్లే కట్టేశాడు. వల చాపలా పైన తేలింది, చేపలు కిందనుంచి హాయిగా వెళ్లిపోయాయి. పక్క పడవల వాళ్లు పగలబడి నవ్వారట.

మా పల్లెలో ఎవరు కట్టిన వలనైనా పడవెక్కించే ముందు ఇసకలో పరిచి చూసుకుంటారు. కామాక్షయ్య కట్టిన వలను మాత్రం పరవరు. పరిస్తే ఆయన చేతిని అవమానించినట్టే. ఈసారీ ఎవరూ పరవలేదు.

"ఇంక వలలన్నీ కట్టేదానికి పక్కింటి హజరత్తయ్య మామకి ఇచ్చేస్తా. నాయన ఇంట్లో రెస్ట్ తీసుకుంటాడు," అన్నాడు కొడుకు.

రెస్టంట! నాకు ఒళ్లు మండిపోయింది. కిడ్నీలు చెడిపోయాక ఆయన్ని సముద్రానికి పోవద్దన్నారు. ఉప్పు వద్దన్నారు. తాగే నీళ్లు కూడా కొలిచి ఇమ్మన్నారు. మిగిలింది ఈ వల ఒక్కటే. అదీ లాక్కుంటే గోడకి ఆనించిన పాత తెడ్డుకీ ఆయనకీ తేడా ఏముంటుంది?

మరుపు వచ్చిన మాట నిజమే, అబద్ధం చెప్పను. అన్నం తిని చెయ్యి కడుక్కుని, అన్నం పెట్టవేమని నా మీద అరుస్తాడు. కావలిలో డయాలసిస్ చేసే చోట డాక్టరమ్మని అడిగాను. ఈ జబ్బు ముదిరినవాళ్లలో కొందరికి జ్ఞాపకం, ఆలోచన కూడా మందగిస్తాయని చెప్పింది. పని మాన్పించాలా అంటే, చేయగలిగింది చేయనివ్వండి, పక్కన ఒకరుండి చూసుకోండి అంది. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను.

ఇంట్లో అందరూ ఆయనకి తెలియకుండా గుసగుసలాడుతున్నారు. నాకు నచ్చలేదు. ఎదురుగా కూర్చుని మొహం మీదే చెప్పేశాను.

"అయ్యా, రెండు తాళ్లకీ బెండ్లే కట్టినావు. వల మునగలా."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. అంతలో తలెత్తి కొడుకుని పిలిచాడు.

"కట్టింది నేనేరా. పరిచి చూడకుండా తీసకపొయ్యింది ఎవురు?"

"నువ్వు కట్టింది ఎప్పుడన్నా చూసినామా నాయనా?"

"ఇంకమీద చూడు."

డయాలసిస్ అయిన రోజు ఆయన మబ్బుగా ఉంటాడు. అది గడిచాక, తేరుకున్న రోజు చూసి వలను పందిట్లో పరిచాను. గుండ్లు కట్టాల్సింది దీనికేనని తెలిసేలా కింది తాడుకి అక్కడక్కడా ఎర్రగుడ్డ పీలికలు కట్టాను. చూడగానే భగ్గుమన్నాడు. "నాకే గుర్తులు పెడతావా!" అని తిట్టాడు. నేను పీలికలు విప్పలేదు. కాసేపటికి ఆయన వేళ్లు వాటంతట అవే ఎర్రగుడ్డని వెతుక్కున్నాయి.

కట్టడం అయ్యాక ఎవరూ అడగకుండానే తనే వలను ఒడ్డుకి మోయించి, అందరి ముందూ ఇసకలో పరిపించాడు. జీవితంలో మొదటిసారి. "రాండి, చూడండి," అన్నాడు. తల దించలేదు.

కొడుకు తాడు పట్టుకుని నడిచాడు. చివర్లో ఒకచోట ఆగాడు. కింది తాడుకి ఒక బెండు ఉంది. వాడు దాన్ని కాలితో ఇసకలోకి తొక్కబోయాడు.

"దాయొద్దు. చెప్పరా," అన్నాను.

చెప్పాడు. కామాక్షయ్య అక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఆ బెండు కోసేసి గుండు కట్టాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముడి బిగించాక కొడుకు కళ్లలోకి చూశాడు.

"రేపు నువ్వెవురని నిన్నే అడగొచ్చు నేను. అప్పుడు కూడా వల తెచ్చి నా ముందర ఎయ్యి. తప్పు కడితే ఇప్పి చూపియ్యి. నన్ను మాత్రం వల దగ్గర్నించి లేపొద్దు."

పెంచలకృష్ణ పడవలోంచి చిరిగిన వల ఇంకొకటి లాక్కొచ్చి ఆయన ఒళ్లో వేశాడు.