పటంలో లేని కరెంటు లైన్లు

మృదుల ఆ పటం మీద ఏడు నెలలు పనిచేసింది. కెనడాలోని కిచెనర్ ఊరి చుట్టుపక్కల ఏ ఓక్ తోపుకు ఎండు తెగులు ముప్పు ఎంతుందో చూపించే పటం అది. చెట్లు ఎక్కడ చిక్కగా ఉన్నాయి, క్యాంపులకొచ్చేవాళ్లు తెగులంటిన బయటి కట్టెలు ఎక్కడికి తెస్తారు, తెగులు మోసే పురుగులు ఎక్కడ తిరుగుతాయి, అన్నీ చూసి ముప్పున్నచోట ఎరుపు, లేనిచోట పచ్చ రంగు వేసింది. సోమవారం ఆఫీసులో రిపోర్టు ఇవ్వాలి.

శనివారం పొద్దున్నే పటంలో పచ్చరంగు పడ్డ ఒక తోపును కళ్లారా చూసొద్దామని బయల్దేరింది. వెంట లక్ష్మీకాంతం గారు వచ్చారు. బోటనీ పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ, డెబ్బై దాటినా చెట్ల సర్వే అంటే ముందుంటారు.

తోపు నిండుగా ఉంది. మృదుల ఫొటోలు తీసుకుంటూ ముందుకు నడిచింది. ఆవిడ మాత్రం అంచునే ఆగిపోయారు. కరెంటు లైన్ల కింద కొమ్మలు నరికేసి ఉన్నాయి. కోతల మీద రసం ఇంకా తడిగానే ఉంది.

"మే నెలలో కొట్టారేంటమ్మా? ఆ పురుగులు పచ్చి గాయం వాసనకే వస్తాయి. నీ మ్యాప్‌లో ఈ లైన్లు పెట్టావా?"

మృదుల తల అడ్డంగా ఊపింది. "లేదాంటీ. రోడ్లు పెట్టాను, క్యాంపులు పెట్టాను. ఇది తట్టలేదు."

"ఇక్కడికొచ్చేదాకా నాకూ తట్టలేదులే."

కార్లో కూర్చున్నాక మృదుల చాలాసేపు స్టార్ట్ చేయలేదు. ఎవరూ అడగరు; సోమవారం ఉన్న పటమే ఇచ్చేస్తే అయిపోతుంది. ఆ ఆలోచనకే సిగ్గేసి, పై అధికారికి ఫోన్ చేసింది. తప్పు తనదేనని, రెండు వారాలు కావాలని చెప్పింది. ఆయన సరేనన్నాడు.

లైన్లు కలిపి చూస్తే ఆ తోపుతో సహా పందొమ్మిది తోపులు పచ్చ నుంచి ఎరుపుకు మారాయి. ఆ పటం పట్టుకెళ్లి చూపిస్తే, కరెంటు కంపెనీవాళ్లు మిగిలినచోట్ల కొమ్మలు కొట్టడం, పురుగులు తిరగని చలికాలానికి వాయిదా వేశారు.

అప్పటికే కొమ్మలు నరికేసిన ఆ తోపు గురించే మృదులకు బెంగ. ఆగస్టులో తనూ లక్ష్మీకాంతం గారూ వెళ్లి చెట్టు చెట్టూ చూశారు. రెండు చెట్ల ఆకులు అంచుల నుంచి గోధుమరంగుకు తిరిగాయి. కొమ్మముక్కలు ల్యాబ్‌కు పంపారు. రిపోర్టు పది రోజులకొచ్చింది: నీళ్లు చాలక ఎండినవే, తెగులు కాదు.

మృదుల ఫోన్ చేసి చెబితే లక్ష్మీకాంతం గారు, "ఈ ఏడాదికి గట్టెక్కాం," అన్నారు. "మిగతా పద్దెనిమిది తోపులూ ఎప్పుడు చూద్దాం?"