పడవ వార్నిష్ పూసిన గిటారు

“వంటింటి బల్ల మీద ఈ పొట్టేమిటి? మనం ఇక్కడ తినొద్దా?” అన్నాడు నా భర్త సిక్స్‌టెన్, కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి. ‘మనం’ అన్నాడు గానీ తుడవాల్సింది నేనేనని ఇద్దరికీ తెలుసు. నేను తలెత్తలేదు. గిటారు మీది వార్నిష్‌ని బ్లేడుతో గోకుతున్నాను. మందు వేసి కరిగిస్తే ఒక్క పూట పని. కానీ కింద ఉన్నది అకార్డియన్లకు వేసే ముత్యపురంగు ప్లాస్టిక్ తొడుగు. మందు తగిలితే అదీ కరిగిపోతుంది. అందుకని గోరంత గోరంతగా గోకడమే.

ఈ ఎలక్ట్రిక్ గిటారు నేను పెళ్ళికి ముందు, చేపల డబ్బాల ఫ్యాక్టరీ జీతంతో కొనుక్కున్నది. ఈ తీరంలో వేసవి డాన్సులంటే మా ఆడపిల్లల బ్యాండే. పెళ్ళయ్యాక అత్తగారు, “చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికొచ్చే చేతులు డాన్సులకి వాయించకూడదు, గున్‌వోర్” అన్నారు, ఎంతో మెత్తగా. సిక్స్‌టెన్ అలాంటివాడు కాదు. “నాకేం అభ్యంతరం లేదు, వాయించుకో” అన్నాడు, ఏదో ఆస్తి రాసిచ్చినట్టు. తర్వాత పిల్లలు, స్కూలు వంటశాలలో ఉద్యోగం, ఇంటికొస్తే మళ్ళీ వంట. వాయించడం కుదరలేదు గానీ, అతని రిపేర్లు మాత్రం ఆగలేదు. గిటారు స్విచ్చు పాడైతే నేలమాళిగలో దీపం స్విచ్చు పీకి దానికి పెట్టాడు. గిటారు మెడ కాస్త కదులుతోందంటే మరలు తీసి పారేసి, పడవ చెక్కలు అతికే బంకతో అతికేశాడు. “ఇక జన్మలో ఊడదు” అన్నాడు. నిజమే, ఊడలేదు. తీగలు మాత్రం వేళ్ళతో నొక్కలేనంత ఎత్తుకు లేచాయి. చివరికి ఒక వసంతంలో పడవకు వార్నిష్ వేస్తూ, డబ్బా అడుగున మిగిలింది వృథా ఎందుకని గిటారుకూ పట్టించాడు. మా ఊరి మగవాళ్ళకు వార్నిష్ మిగలడమంటే మహాపాపం. కుర్చీకో, పక్షిగూటికో పూస్తే గానీ మనసు కుదుటపడదు.

ప్రతిసారీ తన తమ్ముళ్ళను పిలిచి చూపించాడు. ప్రతిసారీ నేను థాంక్స్ చెప్పి కాఫీ పెట్టాను. లోపల ఏడుపొచ్చేది. పాడుచేశావని అనడానికి లేదు, అంత ప్రేమగా చేశాడు మరి. పాడైనదానికి కృతజ్ఞత చెప్పడం కూడా నా ఇంటిపనుల్లో చేరిపోయింది.

ఈ చలికాలం చివర్లో మైకెన్ ఫోన్ చేసింది. మా బ్యాండులో డ్రమ్స్ వాయించేది. “ఒసే, బతికే ఉన్నావా? మిడ్‌సమ్మర్ పండక్కి రేవు మీద డాన్సుకి మనల్ని అడుగుతున్నారు. నువ్వు రాకపోతే నేనూ ఒప్పుకోను.”

“నా గిటారు పలకడం లేదే.”

“గిటారా, నువ్వా?” అంది.

ఆ మాట వారమంతా ముల్లులా గుచ్చింది. పట్నంలో సాయంత్రాలు వాయిద్యాల రిపేరు నేర్పే స్టడీ సర్కిల్‌లో చేరాను. దాన్ని నడిపే ఇల్వా నా గిటారుని అటూ ఇటూ తిప్పి, “దీన్నెవరో తెగ ప్రేమించినట్టున్నారే!” అంది. అందరితో పాటు నేనూ పగలబడి నవ్వాను. తర్వాత మెడ దగ్గర వేలుపెట్టి చూపించింది. “విప్పుకోడానికి వీలుండాల్సినదాన్ని అతికించేశారు. వేడిచేసి, నిదానంగా తీద్దాం. నేను పక్కనుంటా, చెయ్యి మాత్రం నీదే.”

వేడి ఇస్త్రీపెట్టె ఆనించి, పల్చని కత్తి దూర్చి, కొంచెం కొంచెంగా జరిపాను. ఫెళ్ళుమంది. ప్రాణం పోయిందనుకున్నాను. విరిగింది బంక, చెక్క కాదు. మెడ నా చేతిలోకి వచ్చేసింది. అందరిముందూ ఏడ్చాను, సిగ్గు కూడా అనిపించలేదు. అక్కణ్ణుంచి వసంతమంతా పాత రంధ్రాలు పూడ్చి కొత్త మరలు వేయడం, అసలు స్విచ్చు వెతికి పెట్టడం, ఇంట్లో వార్నిష్ గోకడం. అతను పొట్టు గురించి అడిగిన రోజు అందులోదే.

జూన్ మొదట్లో పని పూర్తయింది. ముత్యపురంగు తళతళలాడింది. తీగలు వేళ్ళ కిందికి దిగాయి. సిక్స్‌టెన్ వచ్చి వెనక్కి తిప్పి చూశాడు.

“ఈ మరలేనా? ఓ చుక్క బంక వెయ్యనా?”

“వద్దు.”

“ఊడితే?”

“బిగించుకుంటా.”

నవ్వాడు. “సరేలే, నీ ఇష్టం. ఇంతకీ మిడ్‌సమ్మర్‌కి తమ్ముళ్ళందరూ వస్తున్నారు. హెర్రింగ్ చేపలు ఎప్పుడు ఊరబెడతావు? భోజనాలయ్యాక మాకో రెండు పాటలు వాయించి, తర్వాత రేవుకెళ్దువుగాని.”

ప్రతి ఏడూ ఇంతే. హెర్రింగ్ చేపలు, కొత్త బంగాళదుంపలు, స్ట్రాబెర్రీ కేకు, అన్నీ నేనే చేయాలి. వాళ్ళు గ్లాసులెత్తి పాడుతుంటే నేను ప్లేట్లు తీస్తాను. భోజనాలయ్యాక! నా బతుకంతా ఆ మాట వెనకాలే నిలబడి ఎదురుచూసింది. భోజనాలు మాత్రం ఎప్పుడూ అవలేదు.

“ఆ రోజు పొద్దున్నే రేవుకి వెళ్ళిపోతాను. రిహార్సల్ ఉంది,” అన్నాను. “మీ వాళ్ళకి నువ్వే పెట్టు.”

కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు, దిక్కుతోచనట్టు చూశాడు. పొయ్యి వైపు తిరిగి అడిగాడు. “గున్‌వోర్, బంగాళదుంపలు ఎంతసేపు ఉడకాలి?”

నిజంగానే తెలియక అడిగాడు. జాలేసింది. జవాబు నోటిదాకా వచ్చింది. చెబితే, తర్వాత ఉప్పెంత అంటాడు, గిన్నె ఏదంటాడు, చివరికి నువ్వే రా అంటాడు. గిటారు భుజానికి తగిలించుకున్నాను.

“నేను సాధన చేసుకోవాలి, సిక్స్‌టెన్. వంటింటి తలుపు మూసి వెళ్ళు.”