పిండి పొంగే పాదాలు

పొద్దున్నే వడగట్టిన చారు కొద్దికొద్దిగా మొగుడు అడెలీనోకి తాగించి, అది కడుపులో నిలిచాకే బెల్మీరా ఇన్సులిన్ సూది వేసేది. తర్వాత రొట్టెపిండి ముద్ద మీద శిలువ గీసి, పొంగమని దేవుణ్ణి వేడుకుని, అతని పాదాల దగ్గర పెట్టి దుప్పటి కప్పేది.

షుగరు అడెలీనో నరాల్ని పట్టుకుంది. పాదాలు రాత్రింబవళ్లు భగభగ మండేవి. ఆ కొండ ఊళ్లో చలికి పిండి పొంగడం గగనం కానీ, అతని కాళ్ల దగ్గర అరగంటలో పొంగేది. వీధివాళ్లంతా తమ ముద్దలూ తెచ్చేవారు.

"అన్నయ్యా, ఇవాళ మంట ఎలా ఉంది?" అనేది పక్కింటి ఒలింపియా.

"నీ రొట్టెకి సరిపోయేంత ఉందిలే."

"పాపం. అయితే ఇంకో ముద్ద తెస్తా."

ఆ రొట్టె అతనికి మాత్రం ప్రాప్తం లేదు. కడుపు నరాలూ చచ్చుబడి, రెండు ముక్కలు మింగితే సాయంత్రం దాకా అరక్క, చివరికి వాంతయ్యేది. వీధంతా తింటుంటే అతను వాసన చూసేవాడు.

ఒకరోజు నవ్వుతూ లేచాడు. "నొప్పి పోయిందే. వచ్చే కోతకి వైను కోసం ద్రాక్షలు తొక్కడానికి నేనూ తొట్టిలోకి దిగుతా."

ఆ రోజు పిండి పొంగలేదు. తొందరలో శిలువ వంకరగా గీశానేమోనని బెల్మీరా మళ్లీ గీసింది. మర్నాడూ పొంగలేదు. పిండి పొంగడానికి కలిపే పులిసిన ముద్ద పాడైందనుకుని ఒలింపియాని అడిగి కొత్తది తెచ్చుకుంది. రోజూ పాదాలు చూడమని నర్సు చెప్పింది ఆమెకి గుర్తుంది. కానీ ఎన్నాళ్లకో నవ్వుతున్న మనిషి కాలెత్తి చూడడానికి మనసొప్పలేదు.

ఒలింపియా ఇచ్చినదాంతో కలిపిన పిండీ పొంగకపోయేసరికి దుప్పటి తీసింది. ఎడమ మడమలో ఇనప తీగముక్క. చుట్టూ నల్లబడిపోయింది.

"ఇది ఎప్పుడు గుచ్చుకుంది?"

"ఏది?" అన్నాడు అడెలీనో.

పట్నం ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు. ఇంకో రోజు ఆగితే మనిషే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. పిండి చెప్పిందండీ, నేనే ఆలస్యంగా విన్నానంది బెల్మీరా. ఆయనా ఆ కొండలవాడే, తలూపాడు.

ఇంటికొచ్చాక ఎవరూ ముద్దలు తేలేదు. ఒక ఉదయం అడెలీనో పళ్లు బిగబట్టి అన్నాడు, "లేని కాలు మండుతోందే."

బెల్మీరా పిండి కలిపింది. శిలువ నిదానంగా గీసి, ముద్దని మంచం మీద ఆ ఖాళీ చోట పెట్టి దుప్పటి కప్పింది.

అరగంటలో అక్కడ దుప్పటి లేచింది, కింద పాదం ఉన్నట్టే. ఆమె దాని మీద చెయ్యి వేసి, వెక్కి వెక్కి ఏడ్చింది.